ఇంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు ఆపి ఇచ్చే అలవాటు పోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపే విండోస్ వంటి మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్న మా నల్లగొండలో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా సవరణలు, ముగించినప్పటి నుంచి అది మరీ ఎక్కువైంది. డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్స్ బోధించే అధ్యాపకురాలిని కావడం వల్ల విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, మా కాలనీవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. వేసుకోవాలనీ, భయముంటే ఒక వారం పది రోజులు ఆగి వేసుకోవాలనీ, శాశ్వతంగా మాత్రం ఆపకూడదనీ చెబుతున్నాను. అయితే మన ఊళ్లలో కంప్యూటర్ అమ్మిన రోజునే, లేదా బాగుచేసి ఇచ్చిన రోజునే, అప్‌డేట్లు అసలే రాకుండా కట్టడి చేసి ఇవ్వడం ఒక సేవగా స్థిరపడిపోయింది. ఆ అలవాటు వల్ల ఎంత నష్టం పొంచి ఉన్నదో మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన జిల్లాల్లో మధ్యతరగతి ఇళ్లకు చేరుతున్న కంప్యూటర్లలో సెకండ్‌హ్యాండ్‌వి చాలా ఉంటాయి. హైదరాబాద్‌లోని కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు హోల్‌సేల్‌గా చేతులు మారి నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి దుకాణాలకు వస్తాయి. దుకాణంలో వాటిని ఫార్మాట్ చేసి, కొత్తగా విండోస్ వేసి, తెలుగు ఫాంట్లు, సినిమాలు చూసుకునే ప్లేయర్ ఎక్కించి ఇస్తారు. అన్నీ అయ్యాక చివరగా ఒక పని చేస్తారు. సర్వీసెస్ అనే కిటికీ తెరిచి, పొడవాటి ఆ జాబితాలో అట్టడుగుకు పోయి, విండోస్ అప్‌డేట్ అన్న వరుసపై రెండుసార్లు నొక్కి, అక్కడ ‘మాన్యువల్’ అని ఉన్నదాన్ని ‘డిసేబుల్డ్’ అని మారుస్తారు. “ఇగ మీకు ఏ పరేషాన్ ఉండదు మేడమ్, నడిమిట్ల ఆగదు” అని చెప్పి బ్యాగులో పెట్టి చేతికిస్తారు. దుకాణంలో ఆ పని చేసే కుర్రాడి మనసులో చెడు ఉద్దేశం లేదు. అప్‌డేట్ పడుతుండగా కంప్యూటర్ ఆగిపోయిందని గొడవపడుతూ వచ్చిన గిరాకీలను చూసి చూసి, వాళ్లు కోరకముందే ఆ పని చేసి పెడుతున్నాడు. కానీ తీసుకుపోయే ఇంటివాళ్లకు ఏం జరిగిందో తెలియదు. ఏళ్ల తరబడి ఆ యంత్రం ఒక్క భద్రతా సవరణ కూడా లేకుండా ఇంటర్నెట్‌లో తిరుగుతూ ఉంటుంది.

అప్‌డేట్లంటే జనానికి విసుగు ఎందుకో నాకు తెలియనిది కాదు. డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజై, అమ్మాయి కంప్యూటర్ తెరిచేసరికి నీలిరంగు తెరమీద “అప్‌డేట్లు జరుగుతున్నాయి, 27 శాతం, కంప్యూటర్‌ను ఆపకండి” అని కనిపిస్తే, ఆ అంకె అరగంటైనా కదలకపోతే, ఆ ఇంట్లో ఎంత ఆందోళన ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ డేటా ఒక్క అప్‌డేట్‌కే అయిపోతుంది. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతే డెస్క్‌టాప్ సగం అప్‌డేట్‌లో ఆగిపోతుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కాకపోతే వీటిలో చాలావాటికి అసలు కారణం యంత్రం లోపల ఉంటుంది. పాత తరహా తిరిగే హార్డ్‌డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో గంటకు పైగా పట్టే అప్‌డేట్, అదే కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) పెట్టి ర్యామ్ పెంచితే కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అప్‌డేట్లు ఆపించుకోవడానికి దుకాణానికి వెళ్లేవాళ్లు ఆ ఖర్చు ఎస్ఎస్‌డీ మీద పెడితే రెండు విధాలా లాభపడతారని నేను ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

ఇంతకూ ఆ అప్‌డేట్‌లో ఏముంటుంది? విండోస్‌కు వచ్చేవి స్థూలంగా రెండు రకాలు. ఒకటి నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్. రెండోది ఏడాదికి ఒకసారి వచ్చే కొత్త వెర్షన్, అంటే రూపురేఖలు, సౌకర్యాలు మారేది. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ తన భద్రతా సవరణలను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేసే పద్ధతి పెట్టుకున్నది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలంటే మనకు ఆ రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అందుకే మన కంప్యూటర్లలో అది మామూలుగా బుధవారం నాడు కనిపిస్తుంది. అందులో ఉండేవి ఎక్కువగా భద్రతా లోపాలకు వేసిన మాట్లు. ఫలానా భాగంలో ఫలానా తప్పు ఉన్నది, దాని ద్వారా బయటివాడు మీ అనుమతి లేకుండా లోపలికి రావచ్చు, ఇప్పుడు దాన్ని మూసివేశాం అని ప్రతి లోపానికీ ఒక వివరణ కూడా ప్రచురిస్తారు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉన్నది. సవరణ విడుదల కావడమంటే ఏ గోడ ఎక్కడ కూలి ఉన్నదో ఊరంతా దండోరా వేసినట్లే. దాడులు చేసేవాళ్లు పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి, ఏ వరుస మారిందో చూసి, లోపం ఎక్కడున్నదో కనిపెడతారు. ఆ తర్వాత దాన్ని వాడుకునే ప్రోగ్రాం రాసి వదులుతారు. కాబట్టి సవరణ రాకముందు కొందరికే తెలిసిన లోపం, వచ్చాక అందరికీ తెలిసిన లోపం అవుతుంది. అప్‌డేట్ వేసుకున్నవాడు దాని నుంచి బయటపడతాడు, వేసుకోనివాడికి మునుపటికంటే ప్రమాదం పెరుగుతుంది. “ఇన్నేళ్లు ఏమీ కాలేదు కదా” అని ధైర్యం చెప్పుకునేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

దీనికి 2017 నాటి వానక్రై ఉదంతాన్ని మించిన నిదర్శనం లేదు. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ ఇచ్చింది. సరిగ్గా ఆ లోపాన్నే పట్టుకొని మే 12న వానక్రై దాడి మొదలైంది. అంటే తలుపు మూసుకోవడానికి రెండు నెలలకు కాస్త తక్కువ వ్యవధి దొరికింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర లేకుండానే, ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు అదే పాకుతూ పోయింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కడితేనే తీస్తామని తెరమీద రాసింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో ఆసుపత్రులను నడిపే 81 ట్రస్టుల పని దెబ్బతిన్నది, సుమారు 19 వేల వైద్య అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయన్న అంచనాను ఆ దేశ ఆడిట్ సంస్థ తన నివేదికలో పేర్కొన్నది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఆగిపోయాయి. ఆ దాడిలో దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. అప్పటికి విండోస్ 7కు మద్దతు ఉన్నది, సవరణ కూడా వచ్చి ఉన్నది, వేసుకోవడమే జరగలేదు. 2014లోనే మద్దతు ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి సైతం ఆ మర్నాడు మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత తీవ్రమో అర్థం చేసుకోవచ్చు.

“అవి ఆసుపత్రులు, పోలీసులు. మా ఇంటి కంప్యూటర్‌లో దొంగిలించడానికి ఏముంది?” అని కొందరు అడుగుతారు. దాడి చేసే ప్రోగ్రాంకు అది ఎవరి ఇల్లో అక్కర్లేదు, ఇంటర్నెట్‌లో సందు కనిపించిన ప్రతి యంత్రాన్నీ తడుముకుంటూ పోతుంది. పైగా మన ఇళ్లలో ఏమీ లేదన్న మాట నిజం కాదు. బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు పాస్‌వర్డ్, ఇంటిల్లిపాది ఆధార్ కార్డుల స్కాన్లు, పట్టాదారు పాసు పుస్తకం నకలు, పిల్లల మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, చనిపోయిన పెద్దల ఫోటోలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. భూముల వివరాలు భూభారతిలో చూసుకోవడం, స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టడం, పరీక్ష ఫీజు కట్టడం దాకా ఇంటి నుంచే చేస్తున్న రోజుల్లో ఆ ఫోల్డర్ విలువ తక్కువ అనుకోవడం పొరపాటు. ఇంకొకటి కూడా ఉన్నది. లోపలికి చొరబడినవాడు మన ఫైళ్ల జోలికి రాకుండా, మన కంప్యూటర్‌ను వేలాది కంప్యూటర్ల గుంపులో కలుపుకొని, వేరొకరిపై దాడికి వాడుకుంటాడు. ఇటువంటి గుంపుల్లో చిక్కిన కంప్యూటర్లను శుభ్రం చేయడానికే కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించి ఉచితంగా పరికరాలు అందిస్తున్నది.

యాంటీవైరస్ ఉన్నది కదా అన్న మాట కూడా వింటుంటాను. యాంటీవైరస్ ముఖ్యంగా ఫైళ్లను, ప్రోగ్రాంలను పరీక్షిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉన్న లోపాన్ని అది పూడ్చలేదు. రెండూ ఉండాలి, ఒకటి ఉన్నదని రెండోదాన్ని వదిలేయడానికి వీల్లేదు.

అప్‌డేట్ల వల్లనే కంప్యూటర్లు చెడిపోయిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. వాటిని దాచి చెబితే నా మాట ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 కొత్త వెర్షన్ కొందరి డాక్యుమెంట్లను, ఫోటోలను తుడిచిపెట్టింది. నాలుగు రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపివేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. 2024 జూలై నెలవారీ అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు తెరవగానే, డిస్కుకు పడిన తాళం తీసే 48 అంకెల రికవరీ కీ అడిగాయి. ఆ కీ ఏమిటో, ఎక్కడ ఉన్నదో తెలియనివాళ్లకు తమ కంప్యూటరే తమకు పరాయిదై కూర్చున్నది. అదే నెల 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చిన దృశ్యాలు అందరమూ చూశాం. చాలామంది దాన్ని విండోస్ అప్‌డేట్ తప్పిదమని ఇప్పటికీ అనుకుంటున్నారు. అది క్రౌడ్‌స్ట్రైక్ అనే మరొక సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన తప్పుడు ఫైలు వల్ల జరిగింది. 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయినా, అవి ఆ సాఫ్ట్‌వేర్ కొనుక్కున్న పెద్ద సంస్థలవి. ఇళ్లలోని కంప్యూటర్లకు దానితో సంబంధం లేదు.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. అప్‌డేట్ చేసిన చెరుపు కొద్దిమందికే పరిమితమై, రోజుల్లోనో వారాల్లోనో బయటపడి, దాన్ని తయారుచేసినవాళ్లే సరిదిద్దారు. అప్‌డేట్ వేసుకోకపోవడం వల్ల వచ్చిన చెరుపును సరిదిద్దే దిక్కు లేదు. వానక్రైకి డబ్బు కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న భరోసా ఏదీ లేకపోయింది. అందుకే కొద్ది రోజులు వేచి చూడటాన్ని నేను తప్పుపట్టను, పూర్తిగా ఆపివేయడాన్నే వ్యతిరేకిస్తున్నాను. వేచి చూడటానికి సర్వీసెస్‌లోకి పోయి దేన్నీ చంపవలసిన అవసరం కూడా లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గరే ‘పాజ్’ అనే మీట ఉన్నది. దానితో వారం నుంచి ఐదు వారాల దాకా వాయిదా వేయవచ్చు. దోస్త్ ఆప్షన్లు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్, ఉద్యోగ దరఖాస్తుల ఆఖరి తేదీ ఉన్న వారంలో దాన్ని నొక్కి, పని ముగియగానే తీసేస్తే సరిపోతుంది. గడువు అయిపోయాక దానంతట అదే మళ్లీ మొదలవుతుంది కాబట్టి మరిచిపోయినా ప్రమాదం లేదు. డిసేబుల్ చేయడానికీ, పాజ్ చేయడానికీ ఉన్న తేడా ఇదే.

పని మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్ కాకుండా ‘యాక్టివ్ అవర్స్’ అనే ఏర్పాటు ఉన్నది. రోజులో 18 గంటల వరకు మనం పనిచేసే వేళలను అందులో చెప్పుకోవచ్చు. హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఆ వైఫై పేరుమీద నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ అని పెట్టుకుంటే, పెద్ద అప్‌డేట్లు మనకు చెప్పకుండా డేటా తినవు. ఇంటర్నెట్ బాగా ఉన్న చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు దింపుకోవచ్చు. కాకపోతే అలా పెట్టుకున్నవాళ్లు నెలకొకసారి గుర్తుపెట్టుకొని తామే వేసుకోవాలి. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఇన్వర్టర్ లేదా యూపీఎస్ ఉంటేనే మొదలుపెట్టాలి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్‌లో ఉంచి మొదలుపెట్టాలి. జాబితాలో ‘ఆప్షనల్’, ‘ప్రివ్యూ’ అని కనిపించేవి వచ్చే నెల అప్‌డేట్‌కు ముందస్తు పరీక్షల వంటివి, ఇళ్లలో వాటిని ముట్టుకోనక్కర లేదు. ఏడాదికి ఒకసారి వచ్చే కొత్త వెర్షన్‌కు మాత్రం నేనూ రెండు నెలలు ఆగుతాను. వేశాక నచ్చకపోతే 10 రోజుల లోపు పాత వెర్షన్‌కు వెనక్కి పోయే వీలుంటుంది.

ఏ అప్‌డేట్‌కైనా ముందు చేయవలసినవి రెండున్నాయి. ముఖ్యమైన ఫైళ్ల నకలు బయటి హార్డ్‌డిస్క్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఉండాలి, నకలు తీశాక దాన్ని కంప్యూటర్ నుంచి వేరు చేసి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసే ప్రోగ్రాం దానికీ తాళం వేస్తుంది. రెండోది, కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు తమ 48 అంకెల రికవరీ కీని ఆ అకౌంట్‌లో చూసి ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఇప్పుడు వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం మనకు చెప్పకుండానే పడుతున్నది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌ను దుకాణంవాళ్ల అకౌంట్‌తోనే వాడుతున్నవాళ్లకైతే ఆ కీ తమ చేతిలో ఉండదు. వెంటనే సొంత అకౌంట్‌కు మార్చుకోవడం మంచిది.

క్రాక్ చేసిన విండోస్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం అవుతుంది. చాలా దుకాణాల్లో లైసెన్సు లేని విండోస్ వేసి, యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రాం నడిపి, అది అసలుదిగా కనిపించేలా చేస్తారు. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపాలి. ఎవరో తెలియనివాళ్లు తయారుచేసిన ప్రోగ్రాంకు, కాపలా తీసేసి మరీ, కంప్యూటర్‌పై సర్వాధికారం ఇస్తున్నామన్న మాట. అప్‌డేట్ వస్తే ఈ క్రాక్ బయటపడుతుందన్న భయంతోనే చాలాచోట్ల అప్‌డేట్లు ఆపుతున్నారు. గిరాకీకి చెప్పే కారణం వేరు, అసలు కారణం ఇది. కొన్నేళ్లు వాడి తీసేసిన కంపెనీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ లైసెన్సు మదర్‌బోర్డులోనే నమోదై ఉంటుంది. అదే ఎడిషన్ (హోమ్ లేదా ప్రో) విండోస్ వేస్తే ఏ క్రాకూ లేకుండా యాక్టివేట్ అవుతుంది. కొనేటప్పుడు ఈ సంగతి అడిగి, సెట్టింగ్స్‌లో ‘యాక్టివేటెడ్ విత్ ఎ డిజిటల్ లైసెన్స్’ అని ఉన్నదో లేదో చూసి డబ్బు ఇవ్వాలి.

ఇక విండోస్ 10 సంగతి. మన జిల్లాల్లో అమ్ముడైన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో నాలుగో తరం, ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఉన్నవి బోలెడు. విండోస్ 11కు దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కాబట్టి వాటికి ఆ దారి మూసుకుపోయింది. ఏవో కిటుకులతో విండోస్ 11 బలవంతంగా ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఎక్కువమందికి తెలియని మార్గం మరొకటి ఉన్నది. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉన్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే పొడిగింపు పథకాన్ని మైక్రోసాఫ్ట్ పెట్టింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను ఆ అకౌంట్‌లో భద్రపరచుకోవడానికి ఒప్పుకుంటే దీనికి డబ్బు కట్టనక్కర లేదు, ఒప్పుకోనివాళ్లు 30 డాలర్లు కట్టి చేరవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది. అయితే దుకాణంలో అప్‌డేట్ సర్వీసును డిసేబుల్ చేసి ఇచ్చిన కంప్యూటర్లలో ఈ పొడిగింపు దక్కే మార్గమే లేదు. ముందు ఆ సర్వీసును మళ్లీ మొదలుపెట్టి, ఆగిపోయిన పాత అప్‌డేట్లన్నీ పడనివ్వాలి. దుకాణదారులు ఇన్నాళ్లు చేసిన సేవ వల్ల ఎంతమంది ఈ ఉచిత అవకాశం పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఆ గడువు కూడా తీరాక, పాత యంత్రాన్నే వాడదలచినవాళ్లకు, విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది. అందులో ఒక రకమైన ఉబుంటు 24.04కు విడుదలైన 2024 నుంచి ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. బ్రౌజర్‌తో అయ్యే పనులన్నిటికీ, తెలుగు టైపింగ్‌కూ అది చాలు. అక్కడా అప్‌డేట్లు వేసుకోవలసిందే.

డీటీపీ పనివాళ్ల ఇబ్బంది మాత్రం ప్రత్యేకమైనది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కూర్చే మా ఊరి మిత్రులు చాలామంది పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు చెదరకూడదని విండోస్ 7 మీదనే ఉండిపోయారు. వాళ్లకు అప్‌డేట్ చేసుకోమని చెప్పడం వాళ్ల పొట్ట కొట్టడమే అవుతుంది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ వైరు తీసేయండి, బ్యాంకు పనులు, ఈమెయిల్ దాంట్లో చేయకండి, వాటికి వేరే కంప్యూటరో ఫోనో వాడండి అని చెబుతున్నాను. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను కూడా ముందు అప్‌డేట్ ఉన్న కంప్యూటర్‌లో పరీక్షించి, ఆ తర్వాతే దీంట్లో పెట్టాలి.

అప్‌డేట్ పేరుతో జరిగే మోసాన్ని కూడా పాఠకులు గుర్తించాలి. ఏదో వెబ్‌సైట్ చూస్తుండగా తెరనిండా “మీ విండోస్ పాతబడింది, వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని పెద్ద శబ్దంతో వస్తే అది నూటికి నూరు పాళ్లు మోసం. నిజమైన విండోస్ అప్‌డేట్ ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు, ఇలా భయపెట్టి డబ్బు అడగదు, బ్రౌజర్‌లో ఫైలు దింపుకోమనదు. అది సెట్టింగ్స్‌లో తప్ప మరెక్కడా ఉండదు. ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన ప్రోగ్రాం ఎక్కించి, డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

చివరగా మూడు విన్నపాలు. కంప్యూటర్ దుకాణాల యజమానులు అప్‌డేట్లు ఆపి ఇవ్వడం మానుకొని, దానికి బదులు పాజ్, యాక్టివ్ అవర్స్ ఎట్లా పెట్టుకోవాలో గిరాకీకి రెండు నిమిషాలు చూపించాలి. ఇప్పటికే ఆపి ఇచ్చినవాటిని తిరిగి తెస్తే డబ్బు తీసుకోకుండా సరిచేసి ఇవ్వాలి. కళాశాలల్లో, పాఠశాలల్లో కంప్యూటర్ బోధించే నా తోటి అధ్యాపకులు, ఎక్సెల్, వర్డ్ నేర్పినట్లే, అప్‌డేట్ పేజీ చదవడం, ఫైళ్ల నకలు తీయడం కూడా ఒక ప్రాక్టికల్‌గా చేయించాలి. పిల్లలకు వస్తే ఇంట్లో పెద్దలకు వచ్చినట్లే.

మూడో విన్నపం మీకు. చెట్ల కొమ్మలు కొట్టే పని వల్ల ఫలానా ఫీడర్ పరిధిలో ఫలానా వేళల్లో కరెంటు ఉండదని మీరు జిల్లా పేజీలో వేసే చిన్న ప్రకటనను మేమందరం చదివి, దాన్ని బట్టి మోటారు వేసుకుంటాం, పిండి పట్టించుకుంటాం. ప్రతి నెలా రెండో మంగళవారం తర్వాత వచ్చే గురువారం నాడు అదే పేజీలో, అంతే చిన్న చోట, ఈ నెల అప్‌డేట్‌లో ఏముంది, వెంటనే వేసుకోవలసినంత ప్రమాదకరమైన లోపం ఏదైనా ఉన్నదా, ఎవరికైనా ఇబ్బంది ఎదురవుతున్నదా అన్నది తెలుగులో నాలుగు వాక్యాలు వేయగలరా? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇటువంటి హెచ్చరికలు విడుదల చేస్తూనే ఉన్నది, కానీ ఆ ఇంగ్లీషు సాంకేతిక భాష మా కాలనీ దాకా రావడం లేదు. ఆ నాలుగు వాక్యాలు రాసి ఇవ్వడానికి నేనూ, నా విద్యార్థులూ సిద్ధంగా ఉన్నాం, ప్రతిఫలం ఏమీ అక్కర్లేదు. మీరు సమ్మతిస్తే వచ్చే నెల రెండో మంగళవారం మర్నాడు సాయంత్రానికే మొదటిది మీ నల్లగొండ కార్యాలయానికి చేరుస్తాం.

భవదీయురాలు,
కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు,
నల్లగొండ